షెడ్డులోంచి గోదాలోకి

ఇవాళ మీతో పోరు రోబోల గురించి మాట్లాడతాను. ఇంటి వెనక షెడ్డులోనో, స్కూలు వర్క్‌షాపులోనో నలుగురు కలిసి సొంత చేతులతో ఒక యంత్రం చేసుకుంటారు. దాన్ని తీసుకొచ్చి టీవీ కెమెరాల ముందు గోదాలోకి దింపుతారు. ఎదురుగా అలాంటిదే ఇంకొకటి ఉంటుంది. మూడు నిమిషాలో, ఐదు నిమిషాలో రెండూ కొట్టుకుంటాయి. రంపాలు తిరుగుతాయి, నిప్పురవ్వలు లేస్తాయి, జనం కేకలు పెడతారు. చూసేవాళ్లకు ఆ కాసేపే పండగ. నాకు మాత్రం దాని వెనక ఉన్న నెలల తరబడి పని మీద మక్కువ ఎక్కువ. పాలిటెక్నిక్ పిల్లలకు వర్క్‌షాపు పని నేర్పినవాణ్ణి కాబట్టి నా చూపు ఎప్పుడూ అటే పోతుంది. ఆ బోల్టు ఎందుకు ఊడింది, ఆ చైను ఎందుకు జారింది, బాగా తిరుగుతున్న చక్రం ఉన్నట్టుండి ఎందుకు ఆగిపోయింది అని వెతుక్కుంటూ ఉంటాను.

ఈ ఆటకు మూలం అమెరికాలో ఉంది. స్టార్ వార్స్ సినిమాలకు మాయాదృశ్యాలు తీసిన ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థలో మార్క్ థార్ప్ అనే ఆయన నమూనాలు తయారుచేసేవాడు. 1992లో ఆయన రిమోట్‌తో నడిచే ఒక ట్యాంకు బొమ్మకు వాక్యూమ్ క్లీనర్ బిగించాడు. ఇల్లు శుభ్రం చేయడానికి అది పనికిరాలేదు. కానీ ఇలాంటి యంత్రాలు రెండింటిని ఎదురెదురుగా నిలబెడితే ఎలా ఉంటుందన్న ఆలోచన అందులోంచే పుట్టింది. 1994 ఆగస్టులో శాన్ ఫ్రాన్సిస్కోలోని ఫోర్ట్ మేసన్ సెంటర్‌లో మొదటి రోబో వార్స్ పోటీ జరిగింది. ఆ తర్వాత డబ్బు పెట్టినవాళ్లకూ ఆయనకూ మధ్య గొడవలు ముదిరి కోర్టుల దాకా వెళ్లాయి. పేరు మాత్రం సముద్రం దాటింది. 1998లో బీబీసీ టూ ఛానల్‌లో రోబో వార్స్ ధారావాహికగా మొదలైంది. అమెరికాలో ఆ పాత పోటీల్లో దిగినవాళ్లే 1999లో బ్యాటిల్‌బాట్స్ పేరుతో సొంత పోటీ పెట్టుకున్నారు, మరుసటి ఏడాది అది కూడా టీవీకెక్కింది. రెంటిలో నేను ఎక్కువగా చెప్పేది బ్రిటన్ సంగతులే. ఇంట్లో చేసిన యంత్రం అన్న మాట అక్కడే ఎక్కువ నిజం.

మొదటి సీరీస్ గెలిచినదెవరో చూడండి. బ్రిటన్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో బాడ్మిన్ అనే చిన్న ఊరు. ఆ ఊరి కమ్యూనిటీ కాలేజీ నుంచి వచ్చిన రోడ్‌బ్లాక్ అనే రోబో మొదటి ఛాంపియన్. ముందు వైపు నేలను ఆనుకుని ఒక వాలు పలక, వెనక ఒక గుండ్రటి రంపం, అంతే దాని ఆయుధాలు. ఎదుటి రోబో కింద దూరి, దాన్ని పైకెక్కించుకుని, చక్రాలు నేలకు తగలకుండా చేసి తోసుకుపోయేది. రెండో సీరీస్‌లో వేల్స్ నుంచి వచ్చిన పానిక్ అటాక్ గెలిచింది. దానికీ కొట్టే ఆయుధం లేదు, కింద నుంచి ఎత్తే కొమ్ములే ఉన్నాయి. 2004లో ముగిసిన ఏడో సీరీస్ గెలిచిన టైఫూన్ 2 ఎయిర్ క్యాడెట్ కుర్రాళ్లు చేసినది. కోట్ల రూపాయల ల్యాబులున్న కంపెనీ ఏదీ వచ్చి ఈ జట్లను ఓడించలేదు. అలాంటి కంపెనీలకు చోటున్న ఆట కూడా కాదిది.

పోటీ నియమాలు పైకి చాలా కనిపిస్తాయి గానీ అసలైనవి మూడే. బరువు ఇంత మించకూడదు. పాత రోబో వార్స్‌లో మొదట 80 కిలోలకు కాస్త తక్కువ, తర్వాత 100 కిలోలు. 2016లో మళ్లీ మొదలైనప్పుడు 110 కిలోలు చేశారు. పోరాటానికి సమయం ఇంత. ఇక మూడోది, నా దృష్టిలో అన్నింటికన్నా పెద్దది: కదలడం ఆగిపోతే ఓడిపోయినట్టే. గోదాలో ఒక గొయ్యి ఉంటుంది, అందులో పడినా అంతే. ఎంత గొప్ప ఆయుధమైనా కానివ్వండి, చక్రం కదలకపోతే పది లెక్కపెట్టి పక్కన పెట్టేస్తారు. కొత్తగా ఈ పనికి దిగేవాడు మొదట ఆయుధం గురించి ఆలోచిస్తాడు. రెండు మూడు పోటీలు చూసినవాడు మొదట చక్రాల గురించి ఆలోచిస్తాడు. ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఆ తేడా గురించే.

దీనికి రేజర్ కథను మించిన ఉదాహరణ నాకు తెలియదు. ముగ్గురు మిత్రులు కలిసి చేసిన రోబో అది. ఎంత అందంగా ఉండేదంటే, మిగతా రోబోలు పెట్టెల్లా కనిపిస్తుంటే ఇది మాత్రం వేటాడే పక్షిలా ఉండేది. వంగిన పొడవాటి ముక్కు, దాన్ని హైడ్రాలిక్ సిలిండర్‌తో కిందికి దింపే ఏర్పాటు. జేసీబీ చేయి ఏ పద్ధతిలో పని చేస్తుందో ఇదీ అదే పద్ధతి. ఒక పంపు నూనెను ఒత్తిడితో సిలిండర్‌లోకి తోస్తుంది, ఆ బలమంతా ముక్కు కొసన ఒక్క చోట పడుతుంది. కొసన తొమ్మిది టన్నుల ఒత్తిడి అని చెప్పేవారు. ముక్కు దిగడం నెమ్మదిగా ఉండేది. ఎదుటి రోబో పైరేకు ముందు కాస్త సొట్టపడేది, తర్వాత చిల్లు పడేది, ఆ చిల్లులోంచి ముక్కు లోపలికి దిగి బ్యాటరీనో, కంట్రోలర్‌నో నలిపేసేది. హాలంతా ఊపిరి బిగబట్టి చూసేది.

అంత గొప్ప యంత్రం మొదట్లో కప్పు గెలవలేకపోయింది. రెండో సీరీస్‌లో, మూడో సీరీస్‌లో ప్రత్యర్థులు దాన్ని చిత్తు చేసిందేమీ లేదు. దాని సొంత కాళ్లే దాన్ని మోసం చేశాయి, నడిపే భాగాల్లో ఏదో ఒకటి మధ్యలో మొరాయించేది. ముక్కు బాగానే ఉంది, కోర బాగానే ఉంది, కదలిక లేదు. ఆ ముగ్గురూ వదిలిపెట్టలేదు. ప్రతి సీరీస్‌కీ లోపలి భాగాలను విప్పి, ఎక్కడ విరిగిందో అక్కడ గట్టి చేసి మళ్లీ తెచ్చారు. ఐదో సీరీస్‌లో రేజర్ ఛాంపియన్ అయ్యింది. ముక్కు బలం మొదటి రోజు నుంచీ ఉన్నదే. ఆ ఏడాది దానికి కలిసొచ్చిన కొత్త బలం కాళ్లది.

ఆ మరుసటి సీరీస్ ఫైనల్ ఇంకా ఆసక్తికరం. రేజర్‌కి ఎదురుగా టొర్నాడో అనే రోబో. చూడ్డానికి చదునైన ఒక పెట్టె. తిరగబడినా నడుస్తుంది. నాలుగు చక్రాలకూ మోటారు బలం అందుతుంది, తోపుడులో దానికి ఎదురులేదు. ఆయుధం సంగతికొస్తే చెప్పుకోదగ్గదేమీ లేదు. ఫైనల్‌కి ముందు టొర్నాడో జట్టు తమ రోబో చుట్టూ ఒక ఇనుప చట్రం బిగించింది. రేజర్ నోరు ఎంత తెరిచినా అందనంత వెడల్పుగా కొలిచి మరీ బిగించారు. కరవడానికి వీలు లేకపోయేసరికి రేజర్‌కి దారి మూసుకుపోయింది. టొర్నాడో గెలిచింది. ఇది న్యాయమా అని అప్పట్లో పెద్ద చర్చ జరిగింది, ఇప్పటికీ ఆ ఆట అభిమానుల్లో రెండు పక్షాలున్నాయి. నా తీర్పు టొర్నాడో వైపే. నియమాలకు లోబడి ఎదుటివాడి బలాన్ని కొలిచి, దానికి విరుగుడు తయారుచేసుకోవడం ఇంజనీరు పనిలో భాగమే. కప్పు గెలిచిన పెట్టె కన్నా ఓడిన పక్షే అందమైనది అన్న మాట మాత్రం నేనూ ఒప్పుకుంటాను.

తిరగబడినా నడవడం అన్నాను కదా. ఈ ఆట మొదలైన రోజుల్లో రోబో వెల్లకిలా పడితే కథ ముగిసినట్టే. చక్రాలు గాల్లో తిరుగుతూ ఉంటే జట్టువాళ్లు నిస్సహాయంగా చూస్తూ నిలబడేవారు. రెండో సీరీస్‌లో రెక్స్ గారడ్ అనే ఆయన కాసియస్ అనే రోబోను తెచ్చాడు. ఈయన టీవీ కార్యక్రమాలకు యంత్రాలు, మాయా పరికరాలు చేసిపెట్టేవాడు. బ్రమ్ అనే పిల్లల ధారావాహికలో తనంతట తాను తిరిగే చిన్న కారు ఈయన చేతి పనే. కాసియస్‌కి ముందు వైపు గాలి ఒత్తిడితో లేచే ఎత్తుడు చేయి ఉంది. ఒక పోరాటంలో అది తలకిందులైంది. ఇక అయిపోయిందనుకున్నారంతా. అప్పుడు ఆ చేయి ఒక్కసారి నేలను తన్నింది, రోబో గాల్లోకి లేచి తిరిగి చక్రాల మీద పడింది. జనం లేచి నిలబడి అరిచిన అరుపు విని తీరాలి. ఎదుటివాణ్ణి పడగొట్టడానికి పెట్టిన చేయి తాను లేవడానికి కూడా పనికొస్తుందని అందరికీ ఆ క్షణంలో అర్థమైపోయింది. ఆ తర్వాత వచ్చిన సీరీస్‌లలో లేవలేని రోబోతో వచ్చేవాణ్ణి జనం జాలిగా చూసేవారు.

ఎత్తుడు చేతుల్లో రాజు అంటే జార్జ్ ఫ్రాన్సిస్ చేసిన కేయాస్ 2. మూడో సీరీస్, నాలుగో సీరీస్ వరసగా గెలిచింది. కప్పు నిలబెట్టుకున్న మొదటి రోబో అదే. ఎదుటి రోబోను గోడ అవతలికి విసిరేసిన మొదటి రోబో కూడా అదే. దాని బలం బొగ్గుపులుసు వాయువుది, అంటే మంటలార్పే సిలిండర్లలో ఉండే వాయువే. సీసాలో అది ద్రవంగా ఉంటుంది. మామూలు గది వేడిలో కూడా దాని ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి 50 రెట్లకు పైమాటే. వాల్వు తెరిస్తే ఒక్క క్షణంలో సిలిండర్‌లోకి దూసుకొచ్చి పిస్టన్‌ను తంతుంది. ఇందులో ఒక చిక్కుంది. వాయువు వ్యాకోచించినప్పుడు చల్లబడుతుంది. వెంటవెంటనే నాలుగైదు సార్లు కొడితే సీసా, గొట్టాలు, వాల్వు అన్నీ మంచు పట్టేస్తాయి, ఒత్తిడి పడిపోతుంది, తర్వాతి దెబ్బలు మొదటి దెబ్బంత బలంగా ఉండవు. పైగా తెచ్చుకున్న వాయువు కొంతే. అందుకే మంచి డ్రైవరు మీట ఊరికే నొక్కడు. ఎదుటి రోబో అంచు తన పలక మీదికి పూర్తిగా ఎక్కిందాకా ఓపిక పడతాడు.

ఇక తిరిగే ఆయుధాలు. ఒక బరువైన ఉక్కు కమ్మీనో, చక్రాన్నో వేగంగా తిప్పి, దానితో కొట్టడం. ఎంత బలముంటుందో చిన్న లెక్క చూద్దాం. మీటరు పొడవు, 25 కిలోల బరువున్న ఉక్కు కమ్మీ మధ్యలో ఇరుసు మీద నిమిషానికి 2400 చుట్లు తిరుగుతోందనుకోండి. దాని కొస గంటకు 450 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అందులో నిలవున్న శక్తి దాదాపు 65 వేల జౌళ్లు. ఒక టన్ను బరువున్న కారు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చి గోడకు గుద్దితే ఎంత శక్తి ఉంటుందో అంత. ఆ శక్తి కారు ముందు భాగమంతా పరుచుకోకుండా బొటనవేలంత పంటి మీద పడుతుంది. వేగం రెట్టింపు చేస్తే శక్తి నాలుగు రెట్లవుతుంది. అందుకని కుర్రాళ్లు మోటారు వేగం పెంచాలని ఉబలాటపడతారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కమ్మీకి రెండు కొసలు కాబట్టి ఆ వేగంలో సెకనుకు 80 సార్లు ఒక కొస ముందు నుంచి దాటిపోతుంది. ఎదుటి రోబో సెకనుకు నాలుగు మీటర్ల వేగంతో మీదికొస్తోందంటే, ఒక కొస దాటి రెండో కొస వచ్చేలోపు అది ఐదు సెంటీమీటర్లు లోపలికి రాగలదు. కొరుకుడు లోతు అంతే. ఇంకా వేగంగా తిప్పినా, పళ్లు ఎక్కువ పెట్టినా ఆ లోతు తగ్గిపోతుంది. కొరకాల్సిన పన్ను గీకి వదిలేస్తుంది. అందుకే అనుభవమున్న జట్లు చక్రానికి ఒకటి రెండు పళ్లే పెడతాయి, ఎదురుగా నిలబడి తిప్పుతూ కూర్చోకుండా తామే వేగంగా మీదికి పోతాయి. ఇక్కడ కూడా చక్రాల వేగమే ఆయుధానికి పదును పెడుతోంది.

కొట్టిన దెబ్బ కొట్టినదానికీ తగులుతుంది. న్యూటన్ మూడో సూత్రం పుస్తకంలో చదివితే ఒక వాక్యం, గోదాలో చూస్తే ఒక ప్రమాదం. కమ్మీ తగలగానే రెండు రోబోలూ చెరో వైపు ఎగిరిపడతాయి. లోపల బ్యాటరీ గట్టిగా లేకపోతే అది తన గోడనే బద్దలుకొడుతుంది. టంకం వేసిన వైరు ఊడిపోతుంది. ఇరుసు వంగుతుంది. తన దెబ్బకు తానే ఆగిపోయిన రోబోలు ఈ ఆట చరిత్రలో కోకొల్లలు. 2015లో బ్యాటిల్‌బాట్స్ మళ్లీ టీవీకి వచ్చినప్పుడు ఫైనల్లో టూమ్‌స్టోన్ అనే రోబో ఉంది. ఆ గోదాలో అప్పటికి దానిదే అందరికన్నా భయంకరమైన కమ్మీ. దాన్ని ఓడించిన బైట్ ఫోర్స్‌కి ఆ ఏడాది తిరిగే ఆయుధమే లేదు. పట్టుకుని ఎత్తే చేయి, దెబ్బలు తట్టుకునే గట్టి ముందు పలక, అంతే. బ్రిటన్‌లో కూడా 2016 ఫైనల్లో కార్బైడ్ అనే కమ్మీ రోబోను అపోలో అనే ఎత్తుడు రోబో ఓడించింది. 2017లో కార్బైడ్ గెలిచింది. ఆ తర్వాతి సీరీస్ ఫైనల్లో దాన్ని ఎరప్షన్ అనే ఇంకో ఎత్తుడు రోబో ఓడించింది. కార్బైడ్ దెబ్బకు ముక్కలైన రోబోల జాబితా పొడవైనదే. అయినా మూడు ఫైనళ్లలో రెండు దాని చేజారాయి.

యంత్రం లోపల ఏముంటుందో కాస్త దగ్గరగా చూద్దాం. పాత రోజుల్లో బ్రిటన్ జట్లు ఎక్కువగా వాడినవి వికలాంగుల కరెంటు చక్రాల కుర్చీ మోటార్లు. నెమ్మదిగా తిరిగినా ఈడ్చే బలం ఎక్కువ, పాతవి చవకగా దొరికేవి. పవర్ కోసం సీసం బ్యాటరీలు. వెల్డింగు చేసిన ఇనుప చట్రం. తర్వాత్తర్వాత తేలికైన లిథియం బ్యాటరీలు, బ్రష్‌లెస్ మోటార్లు, హార్డాక్స్ లాంటి అరుగుదలకు తట్టుకునే ఉక్కు వచ్చాయి. బరువు హద్దు ఒకటే కాబట్టి ఒక చోట రెండు కిలోలు తగ్గిస్తేనే ఇంకో చోట రెండు కిలోల కవచం పెట్టగలరు. జట్టులో సగం తగాదాలు ఈ రెండు కిలోల మీదే నడుస్తాయి.

నాకు అన్నింటికన్నా ఇష్టమైనవి కంటికి కనపడని చిన్న ఏర్పాట్లు. తెలివైన జట్టు రోబో మొత్తానికి ఒకే సైజు బోల్టులు వాడుతుంది, ఒక్క పానాతో అంతా విప్పేయాలని. మోటారు, గేరుబాక్సు, చక్రం మూడూ ఒకే ముక్కగా బిగించి ఉంచుతుంది, పాడైతే మొత్తం లాగేసి సిద్ధంగా ఉన్న ఇంకో ముక్క పెట్టేయవచ్చని. బ్యాటరీ కింద, పక్కన రబ్బరు పరుస్తుంది. వైరు కనెక్టర్లు లాగినా ఊడకుండా కట్టేస్తుంది. అదురుకు బోల్టులు వదలకుండా మరలకు ఒక రకం జిగురు రాస్తారు, మెకానిక్కులందరికీ తెలిసిందే. ఆ జిగురు ఉక్కుకు మంచిది. అదే జిగురు చుక్క పారదర్శకమైన పాలికార్బొనేట్ రేకుకు తగిలితే రంధ్రం చుట్టూ సన్నటి పగుళ్లు వస్తాయి. సుత్తితో కొట్టినా పగలని రేకు ఆ చుక్క చోట పగులుతుంది. ఇలాంటివి ఏ సిలబస్‌లోనూ రావు. పక్కన నిలబడి చేయించినవాడు చెబితేనో, ఒక రోబో పోగొట్టుకుంటేనో తెలుస్తాయి.

రెండు పోరాటాల మధ్య దొరికే కొద్ది గంటల్లో మరమ్మతు బల్లల దగ్గర జరిగేదే అసలు పోటీ అని నాకనిపిస్తుంది. గెలిచిన జట్టు కూడా నలిగిన రోబోతోనే తిరిగొస్తుంది. ఒకడు సుత్తితో వంగిన పలకను సరిచేస్తుంటాడు, ఒకడు వైర్లు చూస్తుంటాడు, ఒకడు గ్రైండర్ పట్టుకుని పంటికి పదును పెడుతుంటాడు. మోటారు కాలిపోతే ఇప్పుడే తమ చేతిలో ఓడిన జట్టు తన మోటారు విప్పి ఇస్తుంది. ఈ ఆటలో ఇది వింతేమీ కాదు, ఆనవాయితీ. గోదాలో కనికరం లేకుండా కొట్టుకుని, బయటికొచ్చి ఒకే బల్ల మీద పని చేయడం ఇంకే ఆటలో చూస్తాం?

ఇది రేడియో ప్రసంగం కాబట్టి రేడియో సంగతి ఒకటి చెప్పాలి. ఈ రోబోలన్నీ రేడియో తరంగాల మీద నడిచేవే. పాత రోజుల్లో బ్రిటన్ జట్లు 40 మెగాహెర్ట్జ్ పరిధిలో, చిన్న స్ఫటికం మార్చుకుంటూ ఛానల్ మార్చుకునేవారు. ఇద్దరి ఛానల్ ఒకటే అయితే ఒకరి మీట నొక్కితే ఇంకొకరి రోబో కదులుతుంది. మీటరు పొడవు కమ్మీ ఉన్న రోబో మరమ్మతు బల్ల మీద ఉన్నట్టుండి లేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. అందుకని ఎవరి ఛానల్ వాడుకలో ఉందో చూపే గుర్తుబిళ్ల ఉండేది, అది చేతిలో లేనివాడు ట్రాన్స్‌మిటర్ ఆన్ చేయకూడదు. ఇప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ పరికరాలు వచ్చాక ట్రాన్స్‌మిటర్, రిసీవర్ జంట కట్టుకుంటాయి కాబట్టి ఆ బెడద లేదు. అయినా ఒక నియమం మారలేదు. సిగ్నల్ తెగిపోయిన మరుక్షణం ఆయుధం, చక్రాలు రెండూ వాటంతట అవి ఆగిపోవాలి. అలా ఆగుతుందని చూపించకుండా ఏ రోబోనూ గోదాలోకి రానివ్వరు. బయట ఉన్నంతసేపూ ఆయుధానికి తాళపు కడ్డీ వేసి ఉండాలి, బ్యాటరీ నుంచి కరెంటు వెళ్లే దారిలో చేత్తో తీసేసే ప్లగ్ ఒకటి ఉండాలి.

నడపడం కూడా తేలిక కాదు. రోబో మన నుంచి దూరంగా పోతున్నప్పుడు మన ఎడమే దాని ఎడమ. మన వైపు తిరిగి వస్తున్నప్పుడు రెండూ తారుమారవుతాయి. తిరగబడి నడుస్తుంటే మళ్లీ తారుమారు. పోరాటంలో ఇది నిమిషానికి పదిసార్లు జరుగుతుంది. ఆలోచించి తిప్పే వ్యవధి ఉండదు. అందుకే రోబో పూర్తయ్యాక పోటీకి ముందు దాన్ని నడిపి నడిపి చేతికి అలవాటు చేసుకున్న జట్టు, చివరి రాత్రి దాకా వెల్డింగు చేస్తూ కూర్చున్న జట్టును తరచూ ఓడిస్తుంది.

భద్రత మాట తలుచుకోగానే 1995 నాటి బ్లెండో గుర్తొస్తుంది. తర్వాత మిత్‌బస్టర్స్ కార్యక్రమంతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న జేమీ హైనమన్ చేసిన రోబో ఇది. గుండ్రటి ఉక్కు డొప్ప మొత్తం కత్తులతో సహా తిరిగేది. శాన్ ఫ్రాన్సిస్కో పోటీలో అది కొట్టిన దెబ్బకు ఎదుటి రోబో ముక్కలు గోడ దాటి ఎగిరాయి. నిర్వాహకులు హడలిపోయారు. ఇక పోరాడవద్దని చెప్పి, ఉమ్మడి విజేతగా ప్రకటించి పక్కకు తప్పించారు. అప్పటి గోడలు దానికి చాలవు. ఇప్పుడు గోదా నాలుగు పక్కలా దళసరి పాలికార్బొనేట్ గోడలు, పైన కప్పు ఉంటున్నాయంటే బ్లెండో లాంటి రోబోలు నేర్పిన పాఠమే కారణం.

కొందరు పెద్దలు అడుగుతుంటారు, పిల్లలకు విధ్వంసం నేర్పడం కాదా ఇది అని. అడగవలసిన ప్రశ్నే. రోబో వార్స్ న్యాయనిర్ణేతల్లో అందరికీ గుర్తుండే వ్యక్తి నోయెల్ షార్కీ, షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో రోబోటిక్స్ ఆచార్యుడిగా పనిచేసినవాడు. రోబోలు కొట్టుకుంటుంటే ఏళ్ల తరబడి మార్కులు వేసిన ఆ మనిషే, 2009లో రోబో ఆయుధాల నియంత్రణ కోసం ఒక అంతర్జాతీయ సంఘం స్థాపించినవారిలో ఒకడు. మనిషి ప్రమేయం లేకుండా తనంతట తాను గురి ఎంచుకుని చంపే యంత్రాలను నిషేధించాలని ఐక్యరాజ్యసమితి దాకా వెళ్లి వాదించాడు. ఈ రెంటికీ పొసగదని నేననుకోను. గోదాలో రోబో ప్రతి కదలిక వెనకా ఒక మనిషి చేయి ఉంది. ఎదుట ఉన్నది యంత్రం, ప్రాణి కాదు. చేయి తీసేస్తే ఆగిపోయే యంత్రానికీ, ఆపేవాడు లేని యంత్రానికీ మధ్య గీత ఎక్కడ గీయాలో, ఒక పోరు రోబోను సొంతంగా చేసి సిగ్నల్ తెగితే ఆగేలా పరీక్ష పెట్టిన పిల్లవాడికి మనలో చాలామంది కన్నా బాగా తెలుస్తుంది.

మన దగ్గరి సంగతికొస్తాను. ఐఐటీ బాంబే టెక్‌ఫెస్ట్‌లో రోబోవార్స్ పోటీకి దేశం నలుమూలల నుంచీ జట్లు వస్తాయి. మన తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ కాలేజీల ఉత్సవాల్లోనూ ఇలాంటి పోటీలు పెడుతున్నారు. పరికరాలకు కొరత లేదు. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్తే మోటారు డ్రైవర్లు, రిలేలు, వైర్లు దొరుకుతాయి. కారు వైపర్ మోటారు మన పిల్లల మొదటి రోబోకి ఇప్పటికీ పెద్ద దిక్కు. ఇక విజయవాడ ఆటోనగర్ చేతిపని గురించి నేను చెప్పాలా? లేత్ మీద ఇరుసు తీసేవాళ్లూ, గ్యాస్ కటింగ్‌తో పలక కోసేవాళ్లూ, వంగిన చాసిస్‌ను కంటితో చూసి సరిచేసేవాళ్లూ అక్కడ ఉన్నారు. మన ఇంజనీరింగ్ విద్యార్థి వాళ్ల దగ్గరికి వెళ్లి ఒక నెల నిలబడితే, నేను ఇందాక చెప్పిన రేజర్ కాళ్ల సమస్య వాళ్లు అరగంటలో చెప్పేస్తారు. ఆ మేస్త్రీలను కాలేజీకి పిలిచి న్యాయనిర్ణేతల కుర్చీలో కూర్చోబెట్టాలని నాకెంతో కోరిక.

వంద కిలోల రోబోతో మొదలుపెట్టనక్కర్లేదు. బ్రిటన్‌లో యాంట్‌వెయిట్ అనే తరగతి ఉంది. రోబో బరువు 150 గ్రాములకు మించకూడదు, మొదట్లో నాలుగంగుళాల ఘనపు పెట్టెలో పట్టాలి. చిన్న మోటార్లు రెండు, ఒక చిన్న లిథియం బ్యాటరీ, వంటింట్లో కూరగాయలు కోసుకునే ప్లాస్టిక్ పలక ముక్క, ఒక రిమోట్. హైస్కూలు పిల్లలు సెలవుల్లో చేసుకోగలరు. గోదా కూడా బల్ల మీద పట్టేంతే. వాలు పలక, ఎత్తుడు చేయి, తిరిగే పన్ను, లేవడం, మరమ్మతు, నేను ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఆ 150 గ్రాముల్లోనూ ఉన్నాయి.

కాలేజీ ప్రిన్సిపాళ్లకూ, ఉత్సవాలు నడిపే విద్యార్థి సంఘాలకూ నాది ఒకే విన్నపం. వర్క్‌షాపు తాళాలు సాయంత్రం నాలుగింటికే వేయకండి, చేసుకునే పిల్లలకు చోటివ్వండి. పోటీ పెట్టేముందు గోదా కట్టండి. మైదానంలో నాలుగు కర్రలు పాతి తాడు కట్టి, చుట్టూ జనాన్ని నిలబెట్టి, మధ్యలో కమ్మీ తిప్పే రోబోలను వదలకండి. దళసరి పాలికార్బొనేట్ గోడలు, పైన కప్పు, సిగ్నల్ తెగితే ఆగే పరీక్ష, ఆయుధానికి తాళపు కడ్డీ, ఇవి లేనిచోట తిరిగే ఆయుధాలను అనుమతించవద్దు. డబ్బు చాలకపోతే ఆ ఏడాదికి బహుమతి సొమ్ము తగ్గించి ఆ డబ్బుతో గోడలు కట్టండి.